వాక్స్ మరకలు పోవాలంటే ప్యాడ్ మార్చాలె

మా బావ నల్ల కారుకు వాక్స్ పెట్టించినంక బానెట్ మీద తెల్లతెల్లగ మరకలు ఉండిపోయినయి, ఎంత తుడిచినా పోతలేవు. హన్మకొండల చానామంది వాక్స్‌దే లోపం అనుకుంటరు గానీ ఇక్కడ లోపం పూసిన బనియన్ గుడ్డది, అది ఒకకాడ మందంగ ఒకకాడ పల్చగ పూస్తది, దానికి తోడు ఎండల పెట్టి పూసిన్రు.

నీడకు తెచ్చి బానెట్ చల్లబడ్డంక ఫోమ్ ప్యాడ్‌తోని, అంటె వాక్స్ పూసే మెత్తటి స్పాంజి బిళ్లతోని, అదే వాక్స్ మళ్ల పల్చగ పూసిన, కొత్త వాక్స్ తగిలితె ఎండిన పాతది మెత్తబడ్తది, వెంటనే మైక్రోఫైబర్ టవల్‌తోని తుడిస్తె మొత్తం వచ్చేసింది, అద్దం లెక్క అయింది!

పేస్ట్ వాక్స్‌కు ఫోమ్ ప్యాడే తీస్కోండి, కొంచెం తడిపి గట్టిగ పిండినంకనే వాడాలె. లిక్విడ్ సీలెంట్‌కు (పెయింట్‌ను కాపాడేటందుకు వాక్స్ కింద పూసే మందు) మాత్రం పొడి ప్యాడ్, డోర్ ఒక్కంటికి రెండు మూడు చుక్కలు చాలు. మైక్రోఫైబర్ ప్యాడ్ అయితె పూసేదాన్ని ఎక్కువ పీల్చుకుంటది, అందుకే నాకు ఫోమే నచ్చుతది. వాక్స్‌కు, సీలెంట్‌కు ఒకటే ప్యాడ్ అస్సలు వాడొద్దన్నా, సీలెంట్ నేరుగ పెయింట్‌కే పట్టాలె, మధ్యల వాక్స్ జిడ్డు ఉంటె సరిగ పట్టుకోదు. సీలెంట్ ముందు, వాక్స్ దాని మీద.

ప్యాడ్ కింద పడితె దులిపి వాడకుర్రి. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైట్ లారీల దుమ్ము తెల్సు కదా, ఒక్క రవ్వ ఉన్నా క్లియర్ కోట్ (రంగు మీద ఉండే పారదర్శక పొర) మీద గీతలే. పనైనంక గోరువెచ్చని నీళ్లల్ల గిన్నెల లిక్విడ్‌తోని పిసికి కడిగి, నీడకు ఆరబెట్టి, జిప్ కవర్ల పెట్టాలె.