అలవాట్ల సాధన – 3వ పాఠం: కొక్కెం ఎక్కడుంది?

పోయిన పాఠంలో ఒక చిన్న పని ఎంచుకోమన్నాను. రెండు నిమిషాల్లో అయిపోయేది, ఎంత నీరసంగా ఉన్న రోజైనా చేయగలిగేది. దాంతోపాటు ఒక రోజంతా మీరు చేసే పనుల్ని వరసగా కాగితం మీద రాయమన్నాను. ఆ కాగితం ఇప్పుడు కావాలి, దగ్గర పెట్టుకోండి. రాయనివాళ్లు నిన్నటి రోజును గుర్తు చేసుకుని ఇప్పుడైనా రాయండి. అది లేకుండా ఈ పాఠం చదివితే తలూపడం తప్ప ఏమీ మిగలదు.

ఈ వారం నేర్చుకునేది కొత్త పనిని పాత పనికి తగిలించడం. చొక్కా తగిలించాలంటే గోడకు కొక్కెం ఉండాలి కదా. ‘రోజూ ఒక పేజీ చదువుతాను’ అన్న మాటకు కొక్కెం లేదు. ఎప్పుడు చదువుతారు, ఎక్కడ చదువుతారు? జవాబు లేదు కాబట్టి ఆ పని పొద్దుటి నుంచి ‘తర్వాత చూద్దాం’లోనే ఉండిపోతుంది. పడుకోబోతుంటే గుర్తొచ్చి టెన్షన్ పెడుతుంది.

పట్టుదల గట్టిగా ఉంటే చాలదా అంటారేమో. 2002లో మిల్న్, ఆర్బెల్, షీరన్ అనే ముగ్గురు పరిశోధకులు 248 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. వారంలో ఒక్కసారైనా కనీసం 20 నిమిషాలు గట్టిగా వ్యాయామం చేయడం లక్ష్యం. మామూలుగా వదిలేసిన గుంపులో 38 శాతం మంది చేశారు. వ్యాయామం గుండెకు ఎంత మంచిదో చదివించిన గుంపులో 35 శాతం. అదే చదివించి, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ చేస్తారో కూడా రాయించిన గుంపులో 91 శాతం. మధ్య గుంపును చూడండి. స్ఫూర్తి నింపే మాటలు వాళ్లను కుర్చీలోంచి లేపలేకపోయాయి. ఉదయాన్నే అలాంటి వీడియోలు చూసే అలవాటు నాకూ ఉండేది, అందుకే ఈ అంకెలు చదివి నాకు కాస్త సిగ్గేసింది.

ఇక మీ కాగితం చూడండి. అందులో ఏ పని కొక్కేనికి పనికొస్తుంది? రోజూ తప్పకుండా జరిగేదై ఉండాలి, ఇది తెలిసిందే. ఎక్కువమంది పొరబడేది వేరే చోట: ఆ పని ఎక్కడ ముగుస్తుందో స్పష్టంగా తెలియాలి. పళ్లు తోముకోవడం బ్రష్ కడిగి పెట్టగానే అయిపోతుంది. ‘ఫోన్ చూసుకోవడం’ ఎప్పుడు అయిపోతుంది? అది అయ్యాక ఏదో చేస్తాననుకోవడం ఒట్టి మాట.

నా సంగతే చెప్తాను. ‘ఆఫీసు నుంచి ఇంటికొచ్చాక పది నిమిషాలు నడుస్తాను’ అని రాసుకున్నాను. మూడు వారాలు పోయినా మూడుసార్లు కూడా నడవలేదు. బద్ధకం అని నన్ను నేను తిట్టుకున్నాను. తీరా చూస్తే తప్పు కొక్కెంలో ఉంది. ఇంటికొచ్చాక అంటే ఏ క్షణం? తలుపు తీసినప్పుడా, సోఫాలో కూలబడ్డాకా? కూలబడితే ఇక లేచేది లేదు. చివరికి దాన్ని ‘ఇంటి ముందు బండి స్టాండ్ వేయగానే’ అని మార్చాను. లోపలికి వెళ్లకుండా, అదే బూట్లతో నడక. అప్పుడు కుదిరింది.

పాత పని, కొత్త పని ఒకే చోట జరిగితే ఇంకా మంచిది. వంటగదిలో కొక్కెం, మేడ మీద పని అయితే మెట్ల మధ్యలోనే మర్చిపోతాం. గడియారాన్ని నమ్ముకోవడం కంటే పనిని నమ్ముకోవడం మేలని నా అభిప్రాయం. ఏడు గంటలకు అనుకుంటే, ఏడైందని మీరు గమనించాలి. బ్రష్ కడిగి పెట్టడాన్ని ప్రత్యేకంగా గమనించక్కర్లేదు.

ఇప్పుడు ఒక వాక్యం రాయండి: ‘... అయిన వెంటనే, ... దగ్గర, నేను ... చేస్తాను.’ ఉదాహరణకు, ‘రాత్రి పళ్లు తోమి బ్రష్ పెట్టిన వెంటనే, మంచం దగ్గర, ఒక పేజీ చదువుతాను.’ రాశాక అక్కడికే వెళ్లి, పాత పని ముగించినట్టు నటించి, వెంటనే కొత్త పని మొదలుపెట్టండి. వరసగా ఐదుసార్లు. ఎవరైనా చూస్తే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది? 21 రోజులు అన్న మాటను పక్కన పెట్టండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 84 రోజులపాటు గమనించింది. వాళ్లూ కొత్త పనిని రోజూ ఎదురయ్యే ఒక సందర్భానికే తగిలించుకున్నారు. పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి పట్టే కాలం మధ్యస్థంగా 66 రోజులని తేలింది. కొందరికి 18 రోజులు చాలు, ఇంకొందరికి లెక్క ప్రకారం 254 రోజులదాకా పట్టొచ్చు. మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదు.

ఈ వారం అభ్యాసం: ఏడు రోజులూ రెండే గీతలు. కొక్కెం ఎదురైతే ఒక గీత, కొత్త పని చేస్తే పక్కన ఇంకొకటి. మొదటి గీతే తగ్గితే కొక్కెం మార్చండి. మొదటిది ఉండి రెండోది లేకపోతే పని పెద్దదైందన్నమాట, సగానికి కోయండి. ఆ కాగితం పారేయకండి, అడ్డంకుల గురించి చెప్పుకునే 4వ పాఠం దాంతోనే మొదలవుతుంది.