పాత కాలపు ప్రొఫెషనల్ రెజ్లింగ్‌ను నేడు చూడడం ఎలా?

చిన్నప్పుడు ఊపిరి బిగబట్టి చూసిన రెజ్లింగ్‌ను ఇన్నేళ్ల తరువాత మళ్లీ చూద్దామని కూర్చున్నవారికి తరచుగా మిగిలేది నిరాశే. ఒకరు మరొకరి చేతిని మెలిపెట్టి పట్టుకొని నిమిషాల తరబడి నేలమీదే ఉండిపోతుంటే, దీనినేనా అంతగా ఇష్టపడ్డాము అనిపిస్తుంది. పెద్దల పొగడ్తలు విని తొలిసారి చూసే యువతరానికి ఆ విసుగు ఇంకా త్వరగా వస్తుంది. పాత మ్యాచ్‌లన్నీ గొప్పవేమీ కావు కాబట్టి లోపం ఒక్కోసారి మ్యాచ్‌లోనే ఉండవచ్చు. అయితే చాలాసార్లు అసలు చిక్కు నేటి వేగానికి అలవాటుపడిన మన కంటిలోనే ఉంటుంది. అమెరికా రెజ్లింగ్‌ను దృష్టిలో ఉంచుకొని, ఆ చిక్కును తొలగించుకొనే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఆనాటి వ్యాపారం ఎలా నడిచేదో తెలుసుకోవాలి. 1948లో అయోవా రాష్ట్రంలోని వాటర్‌లూలో కొందరు ప్రమోటర్లు సమావేశమై నేషనల్ రెజ్లింగ్ అలయన్స్‌ను ఏర్పాటు చేసుకొని, ఒకరి ప్రాంతంలోకి మరొకరు రాకూడదని ఒప్పందానికి వచ్చారు. ఆ ప్రాంతాలనే టెరిటరీలు అనేవారు. ప్రతి టెరిటరీకీ స్థానిక టీవీలో వారం వారం ఒక కార్యక్రమం ఉండేది గానీ, అది ప్రధానంగా అరీనాలో జరగబోయే మ్యాచ్‌కు టికెట్లు అమ్మడానికి ఉద్దేశించినది. అందుకే ఆ కార్యక్రమాల్లో పేరున్న రెజ్లర్ ఒక అనామకుణ్ణి రెండు మూడు నిమిషాల్లో చిత్తు చేసి, మైకు అందుకొని తన అసలు ప్రత్యర్థిని సవాలు చేసేవాడు. అటువంటి చిన్న మ్యాచ్‌లను చూసి ఆ కాలాన్ని అంచనా వేయకండి. వాటిని దాటవేసి, మైకు ముందు మాట్లాడే ఘట్టాలను, అంటే ప్రోమోలను మాత్రం తప్పక వినండి.

గెలుపోటములు అప్పుడు కూడా ముందుగానే నిర్ణయమై ఉండేవి. అయితే ఆ సంగతిని బయట ఎవరూ ఒప్పుకొనేవారు కాదు. ఆ గోప్యతనే కేఫేబ్ అంటారు. 1987 మే నెలలో, రింగ్‌లో బద్ధశత్రువులైన ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ ఒకే కారులో వెళుతూ న్యూజెర్సీలో పోలీసులకు దొరికిపోయినప్పుడు, అరెస్టు కన్నా వారిద్దరూ కలిసి ప్రయాణించడమే వారి కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌కు (నేటి డబ్ల్యూడబ్ల్యూఈకి) పెద్ద తలనొప్పి అయింది. మరో రెండేళ్లకే, 1989లో, రాష్ట్ర క్రీడా కమిషన్ నియంత్రణ నుండి తప్పించుకోవడానికి అదే కంపెనీ న్యూజెర్సీ శాసనకర్తల ముందు ఇదంతా వినోదమేనని చెప్పుకొంది.

ఇక ఏది ముందు చూడాలన్న ప్రశ్న. మరీ పాతవాటితో మొదలుపెట్టకండి. 1987 మార్చి 29న మిషిగన్‌లోని పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో జరిగిన మూడవ రెజిల్‌మేనియా, అంటే ఆ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద పోటీల కార్యక్రమం, మంచి ప్రవేశద్వారం. అందరూ అందులో హల్క్ హోగన్, ఆండ్రే ద జెయింట్‌ను ఎత్తి పడేసిన దృశ్యాన్ని వెతుక్కుంటారు. ఆ దృశ్యం నిజంగానే ఘనమైనది, కానీ ఆండ్రే ఆరోగ్యం అప్పటికే దెబ్బతినడం వల్ల మ్యాచ్ మాత్రం నీరసంగా సాగుతుంది. దానికి బదులు అదే రోజు జరిగిన రాండీ శావేజ్, రికీ స్టీమ్‌బోట్ మ్యాచ్‌ను ఎంచుకోండి. దానికన్నా ముందు, 1986 చివరలో శావేజ్ రింగ్ బెల్‌తో స్టీమ్‌బోట్ గొంతును గాయపరిచిన ఘట్టాన్ని చూసి రావాలి. లేకపోతే మ్యాచ్‌లో సగం అర్థం కాదు. శావేజ్ పదే పదే గొంతునే లక్ష్యంగా చేసుకోవడం, చివరికి మళ్లీ అదే బెల్ అందుకోవడం, స్టీమ్‌బోట్ పక్షాన ఉన్న జార్జ్ స్టీల్ అడ్డుపడి అతణ్ణి పై తాడు మీదినుండి నెట్టివేయడం, ఆ తడబాటులో స్టీమ్‌బోట్ అతణ్ణి చుట్టేసి గెలవడం, ఇవన్నీ నెలల నాటి ఆ ఒక్క దెబ్బకు జవాబులు. ఆశ్చర్యమేమిటంటే, పాత కాలానికి మచ్చుతునకగా చెప్పుకొనే ఈ మ్యాచ్‌ను శావేజ్ ముందుగానే ఒక్కొక్క కదలికతో సహా రాసుకొని సాధన చేయించాడు. అప్పటి రెజ్లర్లు ఎక్కువగా ముగింపును మాత్రం మాట్లాడుకొని, మిగతాది ప్రేక్షకుల కేకలను బట్టి రింగ్‌లోనే నడిపించుకొనేవారు.

ఆ తరువాత 1989 ఏప్రిల్ 2న న్యూ ఆర్లీన్స్‌లో రిక్ ఫ్లెయిర్, స్టీమ్‌బోట్ ఆడిన మూడింటిలో రెండు గెలవవలసిన మ్యాచ్‌కు రండి. ఇది దాదాపు 55 నిమిషాలు ఉంటుంది కాబట్టి ముక్కలుగా చూడకుండా, ఫోను పక్కన పెట్టి, ఒకే విడతలో చూడాలి. చూసేటప్పుడు కదలికల సంఖ్యను లెక్కపెట్టడం మాని, ఏ అవయవం మీద దాడి జరుగుతున్నదో గమనించండి. ఫ్లెయిర్ తన ఫిగర్ ఫోర్ పట్టుతో ప్రత్యర్థి కాలిని దెబ్బతీస్తాడు. స్టీమ్‌బోట్ రెండు చేతులనూ వెనక్కి విరిచే పట్టుతో రెండవ రౌండ్ గెలుస్తాడు. చివరి రౌండ్‌లో అదే పట్టుతో ఫ్లెయిర్‌ను పైకెత్తబోయినప్పుడు, అంతకుముందు దెబ్బతిన్న కాలు మడత పడి ఇద్దరూ కూలిపోతారు, ఆ కూలడంలోనే ఫ్లెయిర్ భుజాలు నేలకు తగిలి ఓడిపోతాడు. పాదం తాడు కింద ఉంటే ఆ గెలుపు చెల్లదు, కానీ అప్పుడు ఫ్లెయిర్ పాదం తాడు కింద ఉన్న సంగతిని రిఫరీ గమనించడు. మే 7న నాష్‌విల్‌లో మళ్లీ తలపడడానికి ఆ పాదమే కారణమయింది. నిదానంగా సాగిన ఆ పట్టులన్నీ దేనికో ఇక్కడ తేలిపోతుంది.

ట్యాగ్ మ్యాచ్‌లలో, అంటే భాగస్వామి చేతిని తాకితేనే అతడు రింగ్‌లోకి రాగలిగే జట్టు పోటీలలో, రాక్ ఎన్ రోల్ ఎక్స్‌ప్రెస్, మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ జట్ల పోటీలు ఏవైనా సరే చూడవచ్చు. రికీ మోర్టన్ దెబ్బలు తింటూ తన భాగస్వామి చేతిని అందుకోవడానికి పాకుతున్నప్పుడు, రింగ్‌ను వదిలేసి ప్రేక్షకుల ముఖాలను చూడండి.

పట్టులకు, దెబ్బలకు ఆనాడు ఉన్న విలువను కూడా గుర్తు పెట్టుకోవాలి. మెంఫిస్‌లో పైల్‌డ్రైవర్ (ప్రత్యర్థిని తలకిందులుగా పట్టి తలను నేలకు కొట్టే దెబ్బ) నిషిద్ధంగా ఉండేది. 1982లో జెర్రీ లాలర్ దానిని హాస్యనటుడు ఆండీ కాఫ్‌మన్‌పై ప్రయోగించి అనర్హతకు గురయ్యాడు, కాఫ్‌మన్ మెడకు పట్టీ కట్టుకొని తిరిగాడు. జేక్ రాబర్ట్స్ డీడీటీ (ప్రత్యర్థి తలను చంకలో బిగించి నేలకు కొట్టే దెబ్బ) వేస్తే మ్యాచ్ ముగిసినట్లే లెక్క. నేడు అదే డీడీటీ మధ్యలో వచ్చి పోయే మామూలు దెబ్బ. పెద్ద పోటీల్లోనైతే మ్యాచ్‌ను ముగించవలసిన దెబ్బలు, అంటే ఫినిషర్లు, నాలుగైదు తిన్నా లేచి నిలబడతారు. ఈ మార్పుకు కేఫేబ్ తొలగిపోవడమే కారణమని చాలామంది అంటారు గానీ, నా అభిప్రాయం వేరు. 1995 సెప్టెంబరులో డబ్ల్యూసీడబ్ల్యూ అనే ప్రత్యర్థి కంపెనీ టీవీ కార్యక్రమం మండే నైట్రో మొదలై, రెండు కంపెనీలు ప్రతి సోమవారం రాత్రి ఒకే సమయంలో పోటీపడినప్పటి నుండి, అంతకుముందు టికెట్ కొని చూడవలసిన మ్యాచ్‌లను టీవీలోనే ఇచ్చేయవలసి వచ్చింది. అరుదుగా దొరికేది వారానికోసారి దొరికితే, దానిని మించినది చూపక తప్పదు కదా.

అంతమాత్రాన గతాన్ని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. 1963 మే నుండి ఛాంపియన్‌గా ఉన్న బ్రూనో సమ్మార్టినో 1971 జనవరి 18న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఓడిపోయినప్పుడు జనం ఎంతగా మూగబోయారంటే, తన చెవులే పనిచేయడం లేదేమోనని భయపడ్డానని ఆయనే తరువాత చెప్పాడు. ఆయన్ను ఓడించిన రష్యన్ ఇవాన్ కోలాఫ్ నిజానికి కెనడావాడు. పరాయి దేశస్థుడిని చూపి ద్వేషం రేకెత్తించడం అప్పటి సులభమైన సూత్రం; నేడది చూడడానికి ఇబ్బందిగానే ఉంటుంది. కుర్చీతో నేరుగా తలపై కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో గానీ నిషేధించలేదు. మహిళల మ్యాచ్‌లను చాలాకాలం విరామంలా వాడుకున్నారు. రెజిల్‌మేనియాలో వారు ప్రధాన పోటీ ఆడడానికి 2019 దాకా ఆగవలసి వచ్చింది.

వీడియో ప్రతిని ఎంచుకొనేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అనేక పాత కంపెనీల టేపులు ఇప్పుడు డబ్ల్యూడబ్ల్యూఈ చేతిలో ఉన్నాయి. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పాత పేరుపై అదే పేరున్న వన్యప్రాణి సంరక్షణ సంస్థతో ఏర్పడిన వివాదం కారణంగా, 2002 నుండి 2012 వరకు విడుదలైన ప్రతుల్లో ఒకప్పటి లోగోను మసకబరిచారు. హక్కుల సమస్య ఉన్నచోట రెజ్లర్ల ప్రవేశ సంగీతాన్ని కూడా మార్చేశారు. పాట మారితే దానికి జనం వేసే కేక పొంతన లేకుండా వినిపిస్తుంది. వీలైతే తొలి ప్రసారపు ప్రతినే వెతకండి.

ఇవన్నీ చూశాక 2024 ఏప్రిల్ 7న కోడీ రోడ్స్, రోమన్ రెయిన్స్ మ్యాచ్‌ను పెట్టుకోండి. 1,316 రోజులు ఛాంపియన్‌గా నిలిచిన రెయిన్స్‌తో తలపడుతున్నది, 1985లో ఉద్యోగాలు పోయిన కార్మికుల కష్టాన్ని తన ప్రోమోలో పలికించిన డస్టీ రోడ్స్ కొడుకు. పాతకాలంతోనే పోయిందనుకొన్న దీర్ఘకాలపు ఛాంపియన్ అనే పద్ధతి అందులో తిరిగి వచ్చింది. ఫినిషర్‌కు మాత్రం పాత విలువ రాలేదు.