నాది తెలిస్తే మైన్ వచ్చినట్టే

సాయంత్రం ఆరింటికి మా వరండాలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తుంటాను. మొదట్లో మై-మైన్, యువర్-యువర్స్ అని పట్టిక రాసేవాణ్ణి. పిల్లలు ఎక్కాల్లా గడగడా అప్పజెప్పేవాళ్ళు. మర్నాడొచ్చి "దిస్ పెన్ ఈజ్ మై" అనేవాళ్ళు. పట్టిక మానేశాను.

ఇప్పుడు అందరి పెన్నులూ తీసుకుని చాప మీద పడేస్తాను. ఒకటి ఎత్తి "ఎవరిది?" అని తెలుగులోనే అడుగుతాను. "నాది సార్" అంటారు. "నా సార్" అని ఏ ఒక్కరూ అనరు. పాఠం అక్కడే ఉంది. 'నా' అంటే పక్కన వస్తువు పేరు రావాల్సిందే: నా పెన్ను, మై పెన్. 'నాది'కి పేరు అక్కర్లేదు: మైన్. తెలుగులో చివర 'ది' చేరే చోట ఇంగ్లీషులో ఎస్ చేరుతుంది: నీది యువర్స్, ఆమెది హర్స్, మాది అవర్స్, వాళ్ళది దెయిర్స్. మైన్ ఒక్కటే దారి తప్పింది. హిజ్ మారదు, 'అతని'కైనా 'అతనిది'కైనా అదే. పెన్నులు రెండుంటే మనం 'నావి' అంటాం, ఇంగ్లీషులో పది ఉన్నా మైనే.

ఇంతవరకూ రెండు రోజుల పని. అసలు తంటా 'మా'తో.

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు సెలవు అడగడానికి మేనేజర్ దగ్గరికెళ్ళి "అవర్ వైఫ్ ఈజ్ కమింగ్ ఫ్రమ్ విలేజ్" అన్నాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "యువర్స్ అండ్ హూజ్?" అన్నాడు. సెలవైతే ఇచ్చాడు కానీ, ఆఫీసంతా వారం రోజులు నవ్వింది. మా ఆవిడ, మా అమ్మ, మా ఇల్లు అని ఒక్కళ్ళమే ఉన్నా 'మా' అంటాం. మాట్లాడేది మీ ఒక్కరి తరఫున అయితే మై అనండి. అన్నదమ్ములంతా కలిసి అమ్మ గురించి చెప్తుంటే అవర్. 'మన' అన్నా అవరే, వాళ్ళకి ఆ తేడా లేదు.

'వాళ్ళ' దాని తమ్ముడు. "రాజు వాళ్ళ నాన్న" అంటే "రాజు దెయిర్ ఫాదర్" కాదు, "రాజూస్ ఫాదర్". "హెడ్మాస్టరు గారు, వారి కారు" అన్నప్పుడు మర్యాద కోసం దెయిర్ అంటారు కొందరు. వద్దు, ఒక్క మనిషికి హిజ్ చాలు, మర్యాదకేం లోటు లేదు. అలాగే చెల్లెలి గురించి "దాని చెప్పులు" అంటాం కదా అని ఇట్స్ అనకండి. మనిషి కాబట్టి హర్.

ఇక తెలుగులో పైకి కనపడనిది ఒకటుంది. "చేతులు కడుక్కో" అంటాం. ఎవరి చేతులో చెప్పం, ఆ 'కో'లోనే ఉంది. ఇంగ్లీషు క్రియలో 'కో' లేదు కాబట్టి "వాష్ యువర్ హ్యాండ్స్" అని విడిగా చెప్పాలి. తల దువ్వుకుంది: షి కోంబ్డ్ హర్ హెయిర్. బూట్లు వేసుకున్నాడు: హి పుట్ ఆన్ హిజ్ షూస్. ఒంటి మీదవాటి గురించి చెప్తూ తెలుగు క్రియలో 'కొను' వినపడితే, హిజ్‌నో హర్‌నో వెతకండి.

"నా ఫ్రెండ్ ఒకడు" అనడానికి "మై వన్ ఫ్రెండ్" అంటారు. "ఎ ఫ్రెండ్ ఆఫ్ మైన్" అనాలి. ఇది నోటికి పట్టేదాకా అనడమే.

రాతలో ఒక్కటే జాగ్రత్త. ఉత్తరం చివర "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ"లో ఎస్ ముందు పైన చిన్న కామా పెట్టేవాళ్ళు ఇప్పటికీ బోలెడుమంది. యువర్స్, హర్స్, అవర్స్, దెయిర్స్, వేటికీ ఆ కామా లేదు. ఇట్స్‌కి పెట్టారంటే అది 'ఇట్ ఈజ్' అయిపోతుంది. అనుమానమొస్తే ఇట్ ఈజ్ అని చదివి చూడండి, అతికితే కామా పెట్టండి. కుక్క తోక గురించి రాస్తుంటే అతకదు.

ప్రాక్టీసుకి ఆరిన బట్టలు మడతపెట్టడాన్ని మించింది లేదు. ఒక్కో బట్టా తీసి దిస్ ఈజ్ మైన్, దట్ ఈజ్ హర్స్, దీజ్ ఆర్ యువర్స్ అంటూ పోవడమే. మా ఇంట్లో మొదలెట్టిన మూడో రోజు మా ఆవిడ బుట్ట నా ముందుకు తోసి, "దిస్ వర్క్ ఈజ్ యువర్స్" అంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు.