ఫార్మసీలో మార్కులు తక్కువొచ్చాయా? అవి ఎక్కడ అడ్డొస్తాయో, ఎక్కడ రావో చూసుకోండి

రిజల్ట్ వచ్చిన వారం రోజులూ "అన్నా, 58 శాతమే వచ్చింది, ఇక నా పని అయిపోయినట్టేనా" అని అడిగే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. విజయనగరంలో పదకొండేళ్ళుగా మందుల షాపు కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను, చీటీ పట్టుకొచ్చిన ఒక్క మనిషి కూడా నన్ను మార్కులు అడగలేదు. అలాగని మార్కులు దండగ అని మాత్రం చెప్పను, అవి చాలక ఉద్యోగం చేజారినవాళ్ళు నాకు తెలుసు.

ముందు మీరు ఎటు వెళ్తారో తేల్చుకోండి. గవర్నమెంటు వైపు చూస్తుంటే మార్కులే ప్రాణం. జిల్లాలో ఫార్మసిస్ట్ గ్రేడ్-2 కాంట్రాక్ట్ పోస్టులు పడినప్పుడు మామూలుగా రాత పరీక్ష ఉండదు, 100 మార్కుల్లో 75 మీ కోర్సు మార్కుల నుంచే కడతారు, పాసైన తర్వాత గడిచిన ఏడాదికి ఒకటి చొప్పున 10 దాకా, మిగతావి కాంట్రాక్ట్ సర్వీసుకి. లెక్క వేసుకోండి: 80 శాతం ఉన్నవాళ్ళకి 60 మార్కులు, 60 శాతం ఉన్నవాళ్ళకి 45. ఆ తేడా పదేళ్ళు ఎదురుచూసినా పూడదు. అన్ని సంవత్సరాల మార్కులూ కలుపుతారు కాబట్టి ఫస్టియర్‌ని తేలిగ్గా తీసుకోకండి.

పైడిభీమవరం మందుల కంపెనీలకైతే మొదటి ఉద్యోగం దాకానే పర్సెంటేజీ గొడవ. రెండేళ్ళు చేశాక హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో తేల్చే యంత్రం) సొంతంగా నడపగలవా లేదా అనే అడుగుతారు.

కౌంటర్ దగ్గర లెక్క వేరు. నేను మొదట పనిచేసిన షాపులో క్లాస్ ఫస్ట్ వచ్చిన కుర్రాడొకడు ఉండేవాడు. ఎనిమిది కిలోల పాపకి జ్వరమని తల్లి వస్తే పారాసిటమాల్ డ్రాప్స్ ఇచ్చి, సిరప్‌కి చెప్పినట్టే "5 మి.లీ. పొయ్యమ్మా" అనేశాడు. డ్రాప్స్‌లో 1 మి.లీ.కే 100 మిల్లీగ్రాములుంటాయి, సిరప్‌లో అయితే 5 మి.లీ.కి 120 గానీ 250 గానీ. కిలోకి 15 చొప్పున ఆ పాపకి పూటకి 120 మించకూడదు, వాడు చెప్పింది 500. ఆవిడ మెట్లు దిగుతుండగా ఓనరు విని వెనక్కి పిలిచాడు. పరీక్షలో ఆ లెక్కకి వాడికి ఫుల్ మార్కులే వచ్చుంటాయి, సీసా మీద ఏముందో చూడటం మాత్రం ఎవరూ నేర్పలేదు.

అందుకే డీఫార్మసీ (ఫార్మసీ డిప్లొమా) తర్వాత చేయాల్సిన 500 గంటల ట్రైనింగ్ ఉంది చూశారూ, దాన్ని సంతకంతో సరిపెట్టకండి. షాపుకి వెళ్ళకుండానే సర్టిఫికెట్ తెచ్చుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. రోజూ వచ్చిన చీటీల్లో ఐదు నోట్‌బుక్‌లో రాసుకోండి, మనిషి పేరు వద్దు, మందు, మోతాదు, ఎందుకు రాశారో చాలు. ఇంటికెళ్ళి ఫార్మకాలజీ పుస్తకంలో ఆ పేజీ తీయండి. నెల తిరిగేసరికి సప్లీ పడిన సబ్జెక్టు కూడా బుర్రకెక్కుతుంది. కొన్ని యాంటీబయాటిక్స్ లాంటి మందులు అమ్మినప్పుడు విడిగా రాయాల్సిన షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ మీరే రాస్తానని అడగండి: డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎంత ఇచ్చారు. మూడేళ్ళు దాచాల్సిన పుస్తకం అది, కొట్టివేతలు లేకుండా రాయండి.

డీఫార్మసీ పాసయ్యాక రిజిస్ట్రేషన్ కోసం రాసే ఎగ్జిట్ ఎగ్జామ్‌కి టెన్షన్ వద్దు. మూడు పేపర్లు, ఒకే విడతలో ఒక్కోదానిలో 50 శాతం వస్తే చాలు.

సిక్కోలు (శ్రీకాకుళం) పిల్లలకి, అందులోనూ పలాస, కవిటి, సోంపేట వైపు పనిచేయబోయేవాళ్ళకి ఇంకో మాట. కొబ్బరి తోటలో పని చేసి సాయంత్రం వచ్చిన పెద్దాయన "ఒళ్ళు నొప్పుల బిళ్ళ ఇవ్వు బాబూ" అంటాడు. చెయ్యి డైక్లోఫెనాక్ మీదకి పోతుంది. ఆగండి. అది చీటీ లేకుండా ఇవ్వకూడని మందు, పైగా మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తింటోందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. "తాతా, క్రియాటినిన్ ఎప్పుడు చూపించుకున్నావు? ఎంతుంది?" అని అడగండి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అది. ఎంతని చెప్పినా చీటీ లేకుండా మాత్ర ఇవ్వకండి, తెలీదంటే ఆసుపత్రికి పంపండి. ఆయన విసుక్కుంటాడు, పక్క షాపులో కొనుక్కుంటానంటాడు. అయినా చెప్పి పంపండి, మళ్ళీ వచ్చినప్పుడు రిపోర్టు తెచ్చాడా అని అడగండి.