వానలు మొదలయ్యేలోపే సర్వర్లు మార్చుకునేవాళ్లకు జాగ్రత్తలు

మే నెలలో హైదరాబాద్‌లో సాయంత్రం ఈదురుగాలి లేచిందంటే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. సర్వర్ గదిలో ఏసీ ఆగితే వేడి నిమిషాల్లో పెరుగుతుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే చాలా ఆఫీసులు వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ (ఒకే సర్వర్ మీద చాలా కంప్యూటర్లు, అంటే వీఎంలు, ఉన్నట్టు నడిపేది) మార్చే పని పెట్టుకుంటున్నాయి. 2023 నవంబరులో ఈ సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగింది, ఇప్పుడు ప్రాసెసర్ కోర్ల లెక్కన చందా కట్టాలి. వీఎంవేర్ వాళ్ల వీస్ఫియర్ 7కు సాధారణ సపోర్టు 2025 అక్టోబరు 2తో అయిపోయింది. అందుకే అందరికీ తొందర.

ముందు ఓట్ల లెక్క చూసుకోండి. ఒకటి పోతే ఇంకోటి పని అందుకునేలా కలిపిన సర్వర్ల గుంపే క్లస్టర్; అందులో ఒక్కో సర్వర్‌కు ఒక్కో ఓటు, సగానికి మించి ఓట్లు ఉంటేనే పని నడుస్తుంది. బాలానగర్‌లో మేము చూసే ఒక ఫ్యాక్టరీలో రెండే సర్వర్లతో క్లస్టర్ కట్టారు. ఒక మధ్యాహ్నం ఒకదాని యూపీఎస్ పోయింది. రెండోది బాగానే ఉంది కదా, పని అందుకుంటుందిలే అనుకున్నాం. నిమిషం తిరిగేసరికి అదీ రీబూట్ అయింది. రెండు ఓట్లలో ఒక్కటి మెజారిటీ కాదు. మెజారిటీ లేని సర్వర్, ఒకే డేటాను రెండు వైపుల నుంచీ రాసి పాడుచేయకూడదని తనంతట తనే ఆగిపోతుంది. డిస్పాచ్ దగ్గర లారీలు లోడైపోయి ఉన్నాయి, ఇన్‌వాయిస్ ప్రింటు రాదు. ఆ డ్రైవర్ల మొహాలు నాకు ఇంకా గుర్తే.

మూడో ఓటుకు పెద్ద ఖర్చేమీ లేదు. దాన్ని వీఎంవేర్‌కు బదులు వాడే ప్రాక్స్‌మాక్స్‌లో క్యూడివైస్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో విట్‌నెస్ అంటారు. ఒక చిన్న పాత కంప్యూటర్ చాలు. దాన్ని మాత్రం ఆ రెండు సర్వర్ల మీదే వీఎంగా పెట్టకండి, వేరే యూపీఎస్ మీద ఉంచండి. సెఫ్ స్టోరేజీ (సర్వర్ల డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా వాడేది) కావాలనుకుంటే మూడు సర్వర్లకు తగ్గకుండా చూసుకోండి. సర్వర్లు ఒకదాన్నొకటి పలకరించుకునే లైనుకు వేరే స్విచ్ ఇవ్వండి. బ్యాకప్ అదే లైనులో నడిస్తే ఆ పలకరింపులు ఆలస్యమై, బతికున్న సర్వర్‌ను కూడా క్లస్టర్ పోయిందనుకుంటుంది.

కొత్త సర్వర్ కొనేటప్పుడు ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు కలపొద్దు, నడుస్తున్న వీఎంను ఆపకుండా ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చలేరు. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సుతో, సర్వర్‌లోని కోర్లన్నిటికీ ఒకసారి కట్టాక, రెండు విండోస్ వీఎంలే నడపొచ్చు. ఎక్కువుంటే డేటాసెంటర్ ఎడిషన్ ధరతో పోల్చి చూడండి.

ఏది ఎంచుకోవాలి? రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే వచ్చే మనిషికి ఏది చేయి తిరిగిందో అదే. ప్రాక్స్‌మాక్స్ ఉచితంగా దొరుకుతుంది, కానీ లినక్స్ తెలిసినవాళ్లు లేని ఆఫీసులో అది టెన్షనే.

మార్పు మాత్రం జీఎస్టీ రిటర్నుల 20వ తేదీ దాటాక, ఆదివారం పెట్టుకోండి. ముందు రోజు బ్యాకప్ నుంచి ఒక వీఎంను నిజంగా రిస్టోర్ చేసి, టాలీ తెరిచి, నిన్నటి చివరి వోచర్ ఉందో లేదో చూడండి. స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో దాచినది) ఉందని ఊరుకోకండి, అది కూడా అదే డిస్కు మీద ఉంటుంది. అన్నీ మార్చాక, ఉద్యోగులు రాకముందే ఒక సర్వర్ పవర్ కేబుల్ పీకేయండి. వీఎంలు రెండో సర్వర్ మీద మళ్లీ బూట్ అవుతాయి, కాబట్టి కొద్దిసేపు ఆగడం మామూలే. అకౌంట్స్ టేబుల్ దగ్గర కూర్చుని, టాలీ తిరిగి తెరుచుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసి, ఆ కాగితం సర్వర్ గది తలుపుకు అంటించండి.