పాత ఎంజీబీ కారును ఇంట్లోనే ట్యూన్ చేసుకోవడం ఎలా?

పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి మొండికేస్తుంది. ఐడిల్‌లో వణుకుతుంది. ఎత్తు రోడ్డు మీద లాగదు. పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ బాధ ఉంటుంది. అప్పుడు చెయ్యి నేరుగా గాలినీ పెట్రోలునూ కలిపే కార్బొరేటర్ మీదికి పోతుంది, ఎందుకంటే కనబడుతూ మెరుస్తూ ఉండేది అదే. నేనూ మొదటి ఏడాదంతా అదే చేశాను. ఒకసారి స్క్రూ కాస్త అటు, ఇంకోసారి కాస్త ఇటు. కారు మాత్రం బాగుపడలేదు.

ఆ ఏడాది నాకు నేర్పింది వరస. ముందు వాల్వులు, తర్వాత స్పార్కు, చివర్లోనే కార్బొరేటర్. ఎంజీబీలో ఉన్న ఎస్‌యూ కార్బొరేటర్ ఇంజిన్ లాగే గాలిని బట్టి పనిచేస్తుంది. వాల్వుల గ్యాప్ తప్పితే ఆ లాగుడే మారిపోతుంది. స్పార్కు బలహీనంగా ఉంటే కాలని పెట్రోలు వల్ల మిశ్రమం చిక్కబడినట్టు కనిపిస్తుంది. ముందున్న రెండూ సరిచేయకుండా మూడోదాన్ని ముట్టుకుంటే ఒక తప్పు మీద ఇంకో తప్పు కప్పినట్టే.

ఎంజీబీని 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో తయారుచేశారు. గట్టి పైకప్పు ఉన్న జీటీ రకంతో కలిపి 5 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. అందుకే ఈరోజుకీ బ్రిటన్‌లో దీనికి దాదాపు ప్రతి భాగం కొత్తది దొరుకుతుంది. ఇంజిన్ 1798 సీసీ, నాలుగు సిలిండర్లు, బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) వాళ్ల బీ-సిరీస్. మన అంబాసిడర్‌లో ఏళ్లతరబడి తిరిగిన 1489 సీసీ పెట్రోలు ఇంజినూ ఈ కుటుంబంలోదే. మా మేనమామ గుంటూరులో అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. వాల్వులను కదిపే టాపెట్ల చప్పుడు విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పేవాడు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో మా గ్యారేజీలో మొదటిసారి ఈ ఇంజిన్ చప్పుడు విన్నప్పుడు నాకు ఆ టాక్సీయే గుర్తొచ్చింది.

పానాలు, జాకీ

ఇంట్లో ఉన్న మిల్లీమీటర్ పానాలతో ఈ కారు జోలికి వెళ్లొద్దు. ఎక్కువ నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. 1/2 అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పట్టినట్టే అనిపించి, గట్టిగా తిప్పగానే జారి నట్టు మూలలు అరిగిపోతాయి. ఏఎఫ్ కొలతల (నట్టు ఒక ముఖం నుంచి ఎదుటి ముఖానికి అంగుళాల్లో) పానాల సెట్టు ఒకటి కొనండి. 7/16, 1/2, 9/16 చేతిలో ఉంటే చాలా పని అయిపోతుంది. వాటితోపాటు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), టైమింగ్ లైటు, గ్రీజు గన్, మల్టీమీటర్, ఒక మీటరు రబ్బరు గొట్టం దగ్గర పెట్టుకోండి. గొట్టం ఎందుకో తర్వాత చెప్తాను.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎప్పుడూ దూరకండి. యాక్సిల్ స్టాండ్లు పెట్టి, కారును చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి వెళ్లండి.

జాకీ పెట్టేముందు తలుపుల కింద ఉండే సిల్లును చూడండి. ఎంజీబీకి వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఎముకల గూడు. సిల్లు తుప్పు పడితే కారు నడుములో బలం పోయినట్టే. పైన పెయింటు నిగనిగలాడుతున్నా లోపల పొరలు పొడిపొడిగా రాలుతుండొచ్చు. అయస్కాంతం ఆనించి చూడండి, పట్టని చోట ఇనుము బదులు పుట్టీ ఉందన్నమాట. జాకీ ఎత్తుతుంటే తలుపు సందు మారితే, తలుపు బిగుసుకుపోతే, అక్కడితో ఆపేయండి. అది వెల్డర్ పని. అతను కూడా తలుపు ఖాళీకి అడ్డంగా బ్రేసు వేయకుండా సిల్లు కొయ్యకూడదు, కోస్తే కారు వంగిపోతుంది. 40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు బ్రిటన్‌లో 2018 మే నుంచి కారు రోడ్డుకు పనికొస్తుందో లేదో చూసే ఏటేటా ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అంటే మన కారు కింద ఏముందో ఏటా చూడాల్సింది మనమే.

ఆయిలు, గ్రీజు

దీనికి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంజిన్‌కు 20డబ్ల్యూ-50 ఆయిలు, పాత కార్ల కోసమే చేసినది. ఈ ఇంజిన్‌లో టాపెట్లు వాటిని నెట్టే క్యామ్ మీద రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి ఆయిలులో జింక్ కావాలి. కొత్త కార్ల పలచటి ఆయిళ్లలో అది తక్కువ. 3000 మైళ్లకోసారి, అంత తిరగకపోతే ఏడాదికోసారి ఫిల్టరుతో సహా మార్చండి.

ముందు చక్రాల దగ్గర కింగ్‌పిన్నులకు (చక్రం పక్కకు తిరిగే కీలు) ఒక్కో వైపు మూడు గ్రీజు నిపిళ్లుంటాయి. చక్రాలు నేల మీద ఆనకుండా ఎత్తి, పాత నల్ల గ్రీజు బయటికొచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టండి. ఈ పని నిర్లక్ష్యం చేసిన కార్లలో స్టీరింగ్ బరువెక్కి, చివరికి కింగ్‌పిన్నులే మార్చాల్సి వస్తుంది.

వాల్వుల గ్యాప్

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ తీసేయండి, అప్పుడు ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ఇంజిన్ పైన వాల్వుల మీద ఉండే రాకర్ కవర్ మీది రెండు నట్లూ విప్పి కవర్ ఎత్తండి. చదునైన నేల మీద నాలుగో గేరులో పెట్టి కారును కొద్దికొద్దిగా నెడితే వాల్వులు ఒక్కొక్కటే కిందికీ పైకీ కదులుతాయి.

రేడియేటర్ వైపు నుంచి లెక్కపెడితే ఎనిమిది వాల్వులు. ఏది ఎప్పుడు సెట్ చేయాలో తెలియడానికి 9 లెక్క చాలు. 8వ వాల్వు పూర్తిగా కిందికి నొక్కుకుని ఉన్నప్పుడు 1వ దాన్ని సెట్ చేయాలి. 6వది నొక్కుకుంటే 3వది, 5వది నొక్కుకుంటే 4వది. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి.

వాల్వు కొసకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య గ్యాప్ 0.015 అంగుళం, అంటే 0.38 మిల్లీమీటర్. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ ఫీలర్ గేజ్‌ను సందులో లాగి చూడండి. అది వెన్నలో కత్తిలా జారకూడదు, అలాగని ఇరుక్కోకూడదు. పుస్తకం పేజీల మధ్య నుంచి కాగితం లాగుతున్నంత పట్టు ఉంటే సరి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగిపోతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవండి. కవర్ పెట్టేటప్పుడు కార్క్ గ్యాస్కెట్ కొత్తది వేయండి. నట్లు మరీ బిగిస్తే గ్యాస్కెట్ నలిగి ఆయిలు కారుతుంది.

స్పార్కు, ఎర్తు

స్పార్కును నాలుగు ప్లగ్గులకూ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. లోపల రోటార్ ఆర్మ్, దాని కింద కరెంటును కలుపుతూ విడదీస్తూ ఉండే పాయింట్లు కనిపిస్తాయి. ఎలక్ట్రానిక్ కిట్ వేసుకున్నవాళ్లకు పాయింట్ల పని ఉండదు. పాయింట్ల మడమ డిస్ట్రిబ్యూటర్ ఇరుసు మీది క్యామ్ కొన మీద ఉండి, సందు పూర్తిగా తెరుచుకున్న చోట ఇంజిన్ ఆపి గ్యాప్ కొలవండి. 0.014 నుంచి 0.016 అంగుళం మధ్య ఉండాలి. పాయింట్ల ముఖాలు గుంటలు పడి ఉంటే రుద్దుతూ కూర్చోవద్దు, కొత్తవి వేయండి. క్యామ్ మీద చిటికెడు గ్రీజు రాయండి, ఎక్కువైతే పాయింట్ల మీదికి చిందుతుంది.

ఆ తర్వాతే టైమింగ్, అంటే స్పార్కు ఏ క్షణంలో పడాలో సరిచేయడం. పాయింట్ల గ్యాప్ మారితే టైమింగూ మారుతుంది కాబట్టి ఈ వరస తిప్పకండి. ఎన్ని డిగ్రీలన్నది మీ ఇంజిన్ నంబరును బట్టి హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది. ప్లగ్గు తీగలు కలిసిపోతే ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని, రోటార్ ఎడమవైపుకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుందని గుర్తుపెట్టుకోండి. ప్లగ్గుల గ్యాప్ 0.025 అంగుళం.

రోటార్ ఆర్మ్ గురించి ఒక మాట. కొత్త సామాను అంటే మంచి సామాను అని నమ్మి ఒకసారి నడిరోడ్డు మీద ఇరుక్కుపోయాను. ట్యూనింగ్ అంతా ముగించి, ఒక కొట్టులో కొన్న కొత్త రోటార్ వేసుకుని కాట్స్‌వోల్డ్స్ కొండల వైపు బయలుదేరాను. 20 మైళ్లు పోయాక ఏ హెచ్చరికా లేకుండా ఇంజిన్ చచ్చింది. పెట్రోలుంది, కాయిల్ నుంచి స్పార్కు వస్తోంది, ప్లగ్గుల దాకా చేరట్లేదు. రోటార్ మీది ఇత్తడి ముక్కను పట్టి ఉంచే రివిట్ గుండా కరెంటు కిందికి ఎర్తైపోతోంది. డిక్కీలో పడేసిన పాత రోటార్ తుడిచి పెట్టగానే స్టార్టయింది. అప్పటి నుంచి రివిట్ లేని రకమే వాడుతున్నాను, పనిచేసే పాతదాన్ని మాత్రం పారేయను.

కరెంటు తంటాల్లో చాలావాటికి మూలం ఎర్తే, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఇంజిన్‌ను బాడీకి కలిపే అల్లిక తీగ పట్టీ ఊడినా, తుప్పు పట్టినా, స్టార్టర్ లాగే భారీ కరెంటు చోక్ కేబుల్ (చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు పెంచే తీగ) గుండా దారి వెతుక్కుంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు చోక్ కేబుల్ వేడెక్కుతోందంటే ముందు ఆ పట్టీ చూడండి. పట్టీ రెండు కొసలూ, బ్యాటరీ ఎర్తు కొసా మెరిసేదాకా గీకి బిగించండి. 1967 వరకు తయారైన కార్లలో పాజిటివ్ వైపు ఎర్తు ఉండేది. మీదేదో చూసుకోకుండా బ్యాటరీ తీగలు తగిలించొద్దు.

కార్బొరేటర్

ఇప్పుడు ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి ఆపండి. చాలా ఎంజీబీల్లో కార్బొరేటర్లు రెండు, ఒక్కొక్కటీ రెండేసి సిలిండర్లకు. ఎయిర్ ఫిల్టర్లు తీసేయండి. పైన గంటలా ఉండే డ్యాష్‌పాట్లు విప్పి, లోపల పిస్టన్‌తో సహా శుభ్రం చేయండి. గరుకు కాగితం వాడకూడదు. ముందుదీ వెనకదీ ఒకదానికొకటి మార్చకూడదు, ఏది దేనికో గుర్తు పెట్టుకోండి. బిగించాక పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే టక్కుమని కింద పడాలి. పడకపోతే ఎక్కడో రాసుకుంటోంది. పిస్టన్ మధ్య బోలు కడ్డీలో 20 గ్రేడు ఆయిలు పోయండి.

ఇక్కడ రబ్బరు గొట్టం పని వస్తుంది. రెండు కార్బొరేటర్ల త్రాటిళ్లను (గాలి దారి తెరిచే రేకులను) కలిపే కడ్డీ మీది క్లాంపు బోల్టులు వదులు చేయండి, రెండూ విడివిడిగా కదలాలి. ఇంజిన్ నడుస్తుండగా గొట్టం ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస కార్బొరేటర్ నోట్లో పెట్టండి. స్స్‌స్ అని గాలి లాగే చప్పుడు వినిపిస్తుంది. అదే చోట, అంతే లోతులో రెండోదాంట్లో పెట్టి వినండి. ఒకటి పెద్దగా, ఇంకోటి సన్నగా ఉంటే ఐడిల్ స్క్రూలు తిప్పి రెండూ ఒకే శ్రుతికి తెండి. వీణ తీగలు కలిపినట్టే ఇది, రెండు మూడుసార్లకు చెవికి అలవాటవుతుంది.

తర్వాత మిశ్రమం. కార్బొరేటర్ కింద జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) నట్టు ఉన్న రకంలో, ఆ నట్టును పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జెట్‌ను పూర్తిగా పైకి తెచ్చి, అక్కడి నుంచి రెండు చుట్లు కిందికి దించండి. ఇప్పుడు పక్కనున్న పిన్నుతో పిస్టన్‌ను గోరు మందం, 1/32 అంగుళం మాత్రమే ఎత్తండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువ. పడిపోయి ఆగబోతే తక్కువ. కాస్త పెరిగినట్టే పెరిగి మళ్లీ మామూలైతే సరిగ్గా ఉంది. నట్టును ఒక్కో ముఖం చొప్పునే, అంటే చుట్టులో ఆరో వంతే తిప్పండి. ఒకటి సరిచేశాక రెండోది, మళ్లీ మొదటిది చూడండి. చివర్లో గొట్టంతో ఇంకోసారి విని, క్లాంపులు బిగించండి.

పెట్రోలు గొట్టాలు పాతవైతే ఇప్పుడే మార్చండి. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే 10 శాతం దాకా ఇథనాల్. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది. వేడి ఎగ్జాస్టుకు పైనే ఈ కార్బొరేటర్లు ఉన్నాయి, అక్కడ కారే పెట్రోలు అంటే ఆటలు కాదు. నేను ఇథనాల్ తక్కువుండే ఈ5 సూపరే పోయిస్తాను.

రోడ్డు మీదికి

బయలుదేరేముందు బ్రేకులు చూడండి. వెనక డ్రమ్ము వెనకాల ఉన్న చదరపు తల స్క్రూను చక్రం కదలకుండా బిగుసుకునేదాకా తిప్పి, మళ్లీ చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వదులు చేయండి. డాట్ 4 ఫ్లూయిడ్ నీళ్లు పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. పెయింటు మీద పడితే పెయింటును తినేస్తుంది. బ్రేకు గొట్టాలు, బ్రేకు సిలిండర్ల సంగతి మీకు నమ్మకం లేకపోతే తెలిసినవాళ్లకు అప్పగించండి.

తాళం తిప్పగానే వెనక నుంచి పెట్రోలు పంపు టకటకమని కొట్టుకుని, నెమ్మదించి ఆగాలి. ఆగకుండా కొట్టుకుంటూ ఉంటే ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, ఎక్కడో పెట్రోలు కారుతూ అయినా ఉండాలి. అసలు చప్పుడే లేకపోతే పంపును మెల్లగా తట్టి చూడండి, పంపులోని పాయింట్లు అతుక్కుని ఉంటే కదులుతుంది.

పదీ పదిహేను మైళ్లు మామూలుగా నడిపి, వేగంగా వెళ్తున్నప్పుడే ఇగ్నిషన్ ఆపి, క్లచ్ నొక్కి, రద్దీ లేని చోట పక్కకు తీయండి. స్టీరింగ్ లాక్ ఉన్న కారైతే తాళం చివరిదాకా తిప్పకండి. కాసేపు చల్లారనిచ్చి ప్లగ్గులు విప్పండి. మొన చుట్టూ తెల్ల పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే మిశ్రమం కుదిరింది. నల్లటి మసి ఉంటే ఆ జత సిలిండర్ల కార్బొరేటర్‌ను ఒక్క ముఖం పైకి, తెల్లగా కాలిపోయినట్టుంటే ఒక్క ముఖం కిందికి. ఎన్ని ముఖాలు తిప్పారో నోటుబుక్కులో రాసి పెట్టుకోండి, వచ్చే ఏడాది అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.