పెరటికోళ్ల మాతృ ఫారానికి రాయితీ: దాణాలో పాల ఉపఉత్పత్తులు వాడదలచినవారి దరఖాస్తు విధానం

పనీర్ తయారీలో మిగిలే విరుగుడు నీటిని, వెన్న తీసిన మజ్జిగను కోళ్లకు అనుబంధ దాణాగా వాడుకుంటూ, జాతీయ పశుధన మిషన్ కింద పెరటికోళ్ల మాతృ ఫారం పెట్టదలచిన వరంగల్, హనుమకొండ జిల్లాల రైతుల కోసం ఈ వివరణ. 2021లో సవరించిన ఈ పథకంలో కనీసం 1,000 మాతృ కోళ్లతో (పిల్లల కోసం గుడ్లు పెట్టే కోళ్లతో), గుడ్లు పొదిగించే హేచరీతో సహా ఫారం నెలకొల్పేవారికి ప్రాజెక్టు వ్యయంలో 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల వరకు మూలధన రాయితీ లభిస్తుంది. భూమి కొనుగోలు, లీజు ఖర్చులకు ఇది వర్తించదు. వ్యక్తులతో పాటు స్వయం సహాయక సంఘాలు, రైతు ఉత్పత్తిదారుల సంస్థలు కూడా అర్హులే.

దరఖాస్తును ఉద్యమిమిత్ర పోర్టల్‌లోనే సమర్పించాలి. ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్, రద్దు చేసిన చెక్కు, భూమి పత్రాలు లేదా లీజు ఒప్పందం, శిక్షణ లేదా అనుభవ ధ్రువపత్రం, సమగ్ర ప్రాజెక్టు నివేదిక జతచేయాలి. అప్‌లోడ్ చేసే ముందు ఆ నివేదికను మండల పశువైద్యాధికారికి చూపించడం మంచిది.

నివేదికలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది దాణా అధ్యాయం మీద. విరుగుడు నీరు చవకగా దొరుకుతుందని దాణా ఖర్చును సగానికి తగ్గించి చూపితే ఆ లెక్క నిలవదు. 1,000 పెట్టలకు, 100 పుంజులకు రోజుకు సుమారు 125 కిలోల దాణా కావాలి. అందులో 16 శాతం చొప్పున 20 కిలోల మాంసకృత్తులు ఉండాలి. విరుగుడు నీటిలో దాదాపు 94 శాతం నీరే కనుక, 100 లీటర్లు పోసినా అందే మాంసకృత్తులు కిలోకు లోపే. పైగా పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను కోళ్లు సరిగా జీర్ణించుకోలేవు. కొద్ది మోతాదులో అది పేగు చివరి సంచుల్లో పులిసి, ఆమ్లత్వాన్ని పెంచి, హానికర సూక్ష్మజీవులను అదుపు చేస్తుంది. మోతాదు మించితే విరేచనాలు మొదలై కింద పరిచిన ఊక తడిసిపోతుంది. అందువల్ల విరుగుడును, నీరు పోగా మిగిలే ఘనపదార్థం లెక్కన, దాణాలో 3 శాతానికి, అంటే ఈ మందకు రోజుకు సుమారు 60 లీటర్లకు పరిమితం చేసి రాయండి. మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపు గుల్లల ఖర్చును ఉన్నదున్నట్టే చూపండి.

సరఫరాదారు పేరు, రోజువారీ పరిమాణం, రవాణా పాత్రలు కూడా నివేదికలో ఉండాలి. పుల్లని విరుగుడు జింకు పూత రేకును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ లేదా స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బాలే వాడాలి. కోళ్లు నీళ్లు తాగే నిపుల్ గొట్టాల్లో విరుగుడు పోస్తే అవి పూడుకుపోతాయి. పొడి దాణాలో కలిపి పెట్టి, రెండు మూడు గంటల్లో మిగిలినది తీసేయాలి. మన వేసవి ఎండలకు అంతకుమించి నిలవ ఉండదు. ఉప్పు కలిపిన విరుగుడును మాత్రం తీసుకోకండి.

దరఖాస్తును మొదట రాష్ట్ర అమలు సంస్థ పరిశీలిస్తుంది. బ్యాంకు రుణం మంజూరయ్యాక, రాష్ట్ర స్థాయి కమిటీ సిఫారసుతో కేంద్ర పశుసంవర్ధక శాఖ ఆమోదానికి వెళ్తుంది. రాయితీ సిడ్బీ (భారత చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) ద్వారా రెండు సమాన విడతల్లో వస్తుంది. ఫారం పూర్తయి, అధికారులు తనిఖీ చేసి ధ్రువీకరించిన తరువాతే రెండో విడత విడుదలవుతుంది.